40 సెంటీమీటర్లు తక్కువైనందుకు 23 వేల పౌండ్లు

పొద్దున తొమ్మిదింటికి ఉత్తరం వచ్చింది. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. మా భవనం ఎత్తు 10.6 మీటర్లట. ప్రభుత్వ నిధి రావాలంటే 11 మీటర్లు ఉండాలట. కాబట్టి బయటి గోడల మరమ్మతులో మా ఫ్లాటు వాటా 23,400 పౌండ్లు మేమే కట్టుకోవాలి. మొదటి వాయిదాకు 28 రోజుల గడువు.

మా అబ్బాయి బడికి తీసుకెళ్లే స్కేలు బల్ల మీద పెట్టి చూశాను. ఒక స్కేలు, ఆపైన ఇంకో పది సెంటీమీటర్లు. ఆ కాస్త తేడాకు నా పదేళ్ల పొదుపు పోవాలి!

ఇంగ్లండులో ఫ్లాటు కొన్న తెలుగువాళ్లకు ఈ బాధ చెప్పనక్కరలేదు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన ఫ్లాట్ల భవనం తగలబడింది. నాలుగో అంతస్తులో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, గోడకు బయట బిగించిన పలకలను పట్టుకుని పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. ఆ మరణాలన్నీ తప్పించదగినవేనని విచారణ సంఘం 2024 సెప్టెంబరులో తేల్చింది. పలకలు తయారుచేసిన కంపెనీలు జనాన్ని ఎలా మోసం చేశాయో కూడా ఆ నివేదికలో ఉంది. మరి బిల్లు మా తలుపు కిందనుంచి ఎందుకు వస్తోంది?

నిరుడు తనిఖీ కోసం మా గోడ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పలక ఊడదీస్తే లోపల పసుపు రంగు నురగ దిమ్మ కనిపించింది. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు మంట పోకుండా అడ్డు ఉండాల్సిన చోట ఏమీ లేదు. చెయ్యి పెడితే మోచేతిదాకా లోపలికి పోయింది. ఇంజనీరు ఒక్క మాట మాట్లాడలేదు, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నా భార్య దేవుడి దీపాన్ని వంటింటి సింకు పక్కన స్టీలు పళ్లెంలో వెలిగిస్తోంది. కొండెక్కేదాకా అక్కడి నుంచి కదలదు. ఆ సందులో దూరే మంటకు మా భవనం ఎత్తుతో ఏం పని?

తక్కువ ఎత్తయితే ముప్పు తక్కువని మంత్రులు అంటారు. 2021 ఫిబ్రవరిలోనూ ఇలాగే గీత గీశారు. 18 మీటర్లు దాటితే గ్రాంటు, 11 నుంచి 18 మధ్య అయితే అప్పు ఇస్తామన్నారు. జనం ఊరుకోలేదు. ఏడాది తిరక్కుండా అప్పు మాట వెనక్కి తీసుకున్నారు, 2022 భవన భద్రతా చట్టంలో గీత 11 మీటర్లకు దిగింది. 18 నుంచి 11కి దిగిన గీత ఇంకాస్త దిగితే ఎవరి సొమ్ము పోతుంది?

అసలు నాకు లీజ్‌హోల్డ్ అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. నేలా, గోడలూ, కప్పూ వేరొకరివి. మనం కొన్నది అందులో 125 ఏళ్లు ఉండే హక్కు మాత్రమే. మూడేళ్ల కిందట మమ్మల్ని అడగకుండా మెట్ల దగ్గర తివాచీ మార్చి, భవనం నిర్వహణకు మేం కట్టే సర్వీస్ ఛార్జీలో కలిపారు. లెక్క చూపించమని పదకొండు ఈమెయిళ్లు పంపితే ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. ఇప్పుడు ఆ గోడే కాలిపోతుందంటే మాత్రం ఖర్చు మాది. ఈ ఫ్లాటు బయానా కోసం నాన్న అరెకరం అమ్మారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇల్లు నీ పేరు మీదే ఉంది కదరా?" అని అడుగుతారు. ఏమని చెప్పను? పోనీ అమ్మేద్దామంటే, ఈ గోడ సంగతి తెలిశాక కొనేవాడికి ఏ బ్యాంకు అప్పిస్తుంది?

పై అంతస్తులో ఒక నర్సు ఒంటరిగా ఇద్దరు పిల్లలతో ఉంటోంది. ఆమెకూ ఇదే ఉత్తరం వచ్చింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చూడలేకపోయాను.

రేపు రాత్రి ఏడింటికి పద్నాలుగు ఇళ్లవాళ్లమూ మా హాల్లో కూర్చుంటున్నాం. మా ఎంపీకి ఒక్కొక్కరం విడివిడిగా రాస్తాం. 11 మీటర్ల లోపు భవనంలో మీరుంటే మీ ఎంపీకి మీరూ రాయండి. కొలత కాగితం, గోడ విప్పిన ఫొటోలు తప్పకుండా జతచేయండి. ఉత్తరం నమూనా కావాలంటే అడగండి, ఈ రాత్రికే పంపుతాను.