మాంటెనెగ్రోలో సముద్రానికి ఒక్క రోజు చాలు

'తప్పక చేయాల్సిన పది పనులు' జాబితా ఏది తెరిచినా యూరప్‌లోని మాంటెనెగ్రో సముద్రంతోనే మొదలవుతుంది. కోటోర్ కోట గోడ వెంట 1,350 మెట్లెక్కి ఒక ఫొటో, స్వేతి స్తెఫాన్ దీవి ముందు ఒక సెల్ఫీ, బుద్వా బీచ్‌లో ఒక సాయంత్రం. కొండల మాట ఏడో నంబరులోనో ఎనిమిదో నంబరులోనో వస్తుంది, అదీ 'టైముంటే' అని. దేశం పేరుకే నల్ల కొండ అని అర్థం. దాన్ని బీచ్‌గా అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా చిన్న దేశం, జనం ఆరు లక్షల పైచిలుకు. క్రూయిజ్ ఓడ రేవులో ఆగిన రోజు కోటోర్ పాత సందుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. అదే గంటలో బార్ రేవు నుంచి కొండలకు రైలు పోతూ ఉంటుంది. అందులో సీట్లు ఖాళీ.

ఆ రైలు గురించి చెప్పాలి. పక్క దేశం సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ దాకా 476 కిలోమీటర్ల ఈ లైను 1976లో పూర్తయింది. దారిలో 254 సొరంగాలు. సముద్రం ఒడ్డున ఎక్కినవాళ్లు కొలాషిన్ అనే కొండ ఊరు చేరేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటారు. మధ్యలో మాలా రియెకా వంతెన. సొరంగంలోంచి బయటపడగానే కిటికీ కింద నేల ఉండదు, నది 198 మీటర్ల కింద ఎక్కడో దారప్పోగులా కనిపిస్తుంది. అరకు రైలెక్కినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చీకట్లో పిల్లల కేకలు, వెలుగు రాగానే కిటికీకి అతుక్కుపోయే మొహాలు!

ఇంకాస్త ముందుకెళ్లి మొయ్‌కోవాత్స్‌లో దిగితే తారా లోయ దారి మొదలవుతుంది. ఆ దారిలో 1940లో పూర్తయిన కాంక్రీటు వంతెన ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, ఇటలీ సేనలను ఆపడానికి దాని ఒక కమానును పేల్చేశారు. ఎక్కడ మందు పెడితే మిగతా వంతెన నిలబడుతుందో చూపించింది దాన్ని కట్టినవాళ్లలో ఒకడైన ఇంజనీరు లాజార్ యౌకోవిచ్. తర్వాత ఇటలీవాళ్లు అతన్ని పట్టుకుని ఆ వంతెన మీదే చంపేశారు. యుద్ధం ముగిశాక, 1946లో, వంతెనను మళ్లీ నిలబెట్టారు. జాబితాల్లో ఈ చోటు ఉంది, కాకపోతే 'జిప్‌లైన్' అనే పేరుతో.

ఐదు రోజుల సెలవు, వెంట పిల్లలు, ఎప్పుడొస్తుందో తెలియని రైలు... ఈ టెన్షన్ ఎందుకనేవాళ్లున్నారు. న్యాయమే. ఆ దేశానికి టూరిస్టుల డబ్బు ఎక్కువగా తీరం మీదే రాలుతుందన్నదీ నిజమే. కానీ అది వాళ్ల హోటళ్ల లెక్క. మన సెలవుల లెక్క మనం వేసుకోవాలి కదా.

అసలు జబ్బు మాంటెనెగ్రోది కాదు, మనం నేర్చుకున్న 'కవర్ చేయడం' అనే మాటది. పన్నెండు రోజుల్లో పది దేశాలు కవర్ చేశామంటారు. పరీక్షకు సిలబస్ కవర్ చేసినట్టు ఊళ్లను కవర్ చేస్తున్నాం. ఇంటికొచ్చాక పక్కింటివాళ్లు ఎలా ఉందని అడిగితే ఫోన్ తీసి చూపిస్తాం, చెప్పడానికి మాట రాదు. సిలబస్ తయారుచేసిచ్చిన ట్రావెల్ ఏజెంటు మాత్రం హాయిగా ఉంటాడు.

ఐదు రోజులే ఉంటే నాలుగు కొండలకివ్వండి. మిగిలిన ఒక్క రోజూ కోటోర్‌కు పొద్దున్నే వెళ్లండి, ఓడ రాకముందే.