రిటైరైన శాపం గారికి

శాపం గారికి నమస్కారం.

మీరు సర్వీసులో ఉండగా ఉత్తరం రాసే ధైర్యం ఎవరికుంటుంది? దిగిపోయారని తెలిసి ఇప్పుడు రాస్తున్నాను. 1852లో అమెరికాలోని యూటా ఎడారిలో, మోర్మన్ అనే క్రైస్తవ శాఖ చర్చిలో డ్యూటీలో చేరారు. 1978 జూన్‌లో దిగారు. 126 ఏళ్ళు! మా కరణాలు తరాల తరబడి కుర్చీ పట్టుకుని వేలాడిన మాట నిజమే గానీ, ఒక్కరే అన్నేళ్ళు కూర్చున్న దాఖలా లేదు.

మీ పని చూడటానికి చిన్నదే. ఆఫ్రికా మూలాలున్న మగవాళ్ళకు యాజకత్వం, అంటే పూజారి హోదా, దక్కకుండా గుమ్మంలో కూర్చోవడం, ఆడా మగా ఎవరినైనా సరే మందిరంలో జరిగే ముఖ్యమైన క్రతువులకు రానివ్వకపోవడం. ఆ చర్చిలో పన్నెండేళ్ళ కుర్రాడికీ యాజకత్వంలో మొదటి మెట్టు దొరికేది. అంటే పక్కింటి తెల్ల పిల్లాడు పళ్ళెం పట్టుకొచ్చి ప్రభువు రొట్టె అందిస్తుంటే, అరవయ్యేళ్ళ నల్ల తాత కూర్చుని అందుకోవాలి. అదే పళ్ళెం తాత పట్టుకోకూడదు.

మీ సర్వీసు పుస్తకం తిరగేశాను. అన్నీ ఉన్నాయి, అపాయింట్‌మెంట్ ఆర్డరే లేదు. చర్చి పెట్టిన జోసెఫ్ స్మిత్ బతికుండగానే, 1836లో, ఎలైజా ఏబెల్ అనే నల్ల వడ్రంగికి యాజకత్వం ఇచ్చారు. కాగితం కూడా రాసిచ్చారు. స్మిత్ తర్వాత పగ్గాలు పట్టిన బ్రిగమ్ యంగ్ అయితే 1847లో వాకర్ లూయిస్ అనే నల్ల మంగలిని మన మంచి ఎల్డర్లలో, అంటే యాజకత్వం ఉన్న పెద్దల్లో, ఒకడని నోరారా మెచ్చుకున్నాడు. అయిదేళ్ళు తిరిగేసరికి అదే నోటితో, యూటా శాసనసభలో నిలబడి, మీ నియామకం ప్రకటించాడు. ఆ సభే అదే చలికాలంలో నల్లవాళ్ళను బానిసలుగా ఉంచుకోవడానికి చట్టం కూడా చేసిపెట్టింది. రెండూ ఒకేసారి ఎందుకు గుర్తొచ్చాయో మీకే తెలియాలి.

నల్లవాళ్ళు బైబిల్లో శాపం తిన్న కయీను, హాముల వంశమన్నదే మీకు చూపిన అర్హత. పోనీ, అదీ చూద్దామని ఆదికాండం తెరిచాను. తొమ్మిదో అధ్యాయంలో నోవహు ద్రాక్షారసం తాగి ఒంటిమీద బట్ట లేకుండా పడుకున్నాడు. చూసింది ఆయన కొడుకు హాము. శాపం తగిలిందేమో హాము కొడుకు కనానుకి. అత్త మీద కోపం దుత్త మీద! అందులోనూ నలుపు ఊసే లేదు. తమ్ముణ్ణి చంపిన కయీను సంగతి చూస్తే ఇంకా తమాషా. దేవుడు అతనికి గుర్తు వేసింది దారినపోయేవాడెవడూ చంపకుండా కాపాడటానికి. సెక్యూరిటీ పాసు ఇస్తే దాన్ని దొంగ ముద్రగా చదివారన్నమాట. ఈ చదువు మోర్మన్లు కనిపెట్టింది కాదు లెండి. అమెరికా దక్షిణాదిన పత్తి చేల యజమానులు అంతకు ముందే కంఠతా పట్టి ఉన్నారు. వాళ్ళు వాడి వదిలిన చొక్కానే ఇస్త్రీ చేయించి మీకు తొడిగారు.

చొక్కా పిగులుతుంటే అతుకు కూడా వేశారు. మనుషులు పుట్టకముందు ఆత్మలుగా ఉండేవారట, పరలోకంలో యుద్ధం జరిగితే కొందరు దేవుడి పక్షాన గట్టిగా నిలబడలేదట, అందుకే ఈ లోకంలో ఇలా పుట్టారట. చర్చి పెద్దలు 1949లో ఇచ్చిన ప్రకటనలో కూడా పూర్వపు నడవడి ప్రస్తావన ఉంది. అది చదవగానే నాకు సొంత చుట్టం కనపడ్డట్టయింది సుమండీ! గూడేన్ని ఊరికి దూరంగా నెట్టినవాళ్ళు మా దగ్గర చెప్పిందీ ఇదేగా, పోయిన జన్మలో చేసుకున్నదని. ఈ వాదంలో ఉన్న సుఖం ఏమిటంటే, నిందితుడికి తన నేరం గుర్తుండదు. సాక్షులెవరూ ఉండరు. అప్పీలు వేద్దామంటే మళ్ళీ పుట్టాలి.

మీ కంటిచూపు మీద కూడా నాకు అనుమానమే. ఫిజీవాళ్ళు నల్లగా ఉంటారు కదా, వాళ్ళు ఆఫ్రికా వంశం కాదని 1950ల్లో తేల్చి లోపలికి రానిచ్చారు. ఆ లెక్కన నాలాంటి కారునలుపు తెలుగువాడు కూడా దర్జాగా వెళ్ళొచ్చు. అంటే రంగు కాదు, రక్తమట. మరి బ్రెజిల్‌లో ఏం చేశారు? అక్కడ నాలుగు తరాలు వెనక్కి వెళితే ఎవరి రక్తం ఏదో ఎవరికి తెలుసు? మిషనరీలు ఇంటికెళ్ళి, కబుర్లలో పెట్టి, కుటుంబం ఫొటోలు చూసేవారు. తాత జుట్టు ఉంగరాలుగా ఉందా, నాయనమ్మ ముక్కు ఎలా ఉంది అని. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ కూడా ఆల్బమ్ అలాగే తిరగేసేది. కాకపోతే ఆవిడ దేవుడి పేరు చెప్పేది కాదు. చివరికి సావో పావులోలో మందిరం కడుతుంటే, ఆ పనిలో పాలుపంచుకున్న ఎల్వేసియో మార్టిన్స్ లాంటి నల్ల సభ్యులకే ఆ గుమ్మం దాటే అర్హత లేదు. మీరు ఇబ్బందిలో పడింది అక్కడే అనుకుంటా.

అసలు ఈ ఉత్తరం రాయాలనిపించింది జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లావిడ కోసం. 1843లో ఈవిడ, ఇంటివాళ్ళతో కలిసి, స్మిత్ ఉన్న నావూ పట్నానికి దాదాపు 800 మైళ్ళు నడిచింది. చెప్పులు అరిగిపోయి, పాదాలు పగిలి, నేల మీద నెత్తుటి అడుగులు పడ్డాయని తనే చెప్పుకుంది. స్మిత్ ఇంట్లోనే ఉండి పనిచేసింది. తర్వాత యూటా చేరింది. 1849లో కరువు రోజుల్లో, తెల్లావిడ ఒకరి ఇంట్లో పిండి నిండుకుంటే, తన దగ్గరున్న దాంట్లో సగం, రెండు పౌన్లు, కొలిచి ఇచ్చింది. ఆ సంగతి ఆ తెల్లావిడ డైరీలో రాసుకోబట్టి మనకు తెలిసింది. ఇంత చేసి ఆవిడ అడిగింది ఒకటే, మందిరంలో క్రతువు జరిపించమని. ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. 1894లో పెద్దలు మనసు కరిగి ఒక ఉపాయం చేశారు: పరలోకంలో ఆవిడ జోసెఫ్ స్మిత్ కుటుంబానికి శాశ్వత సేవకురాలిగా ఉండేట్టు ఒక క్రతువు. దానికైనా లోపలికి రానివ్వలేదు. ఆవిడ బతికే ఉంది, అదే ఊళ్ళో ఉంది. ఆవిడ బదులు ఒక తెల్లావిడ నిలబడింది.

ఆరోజు స్వర్గస్తుడైన స్మిత్ తరఫున నిలబడింది ఆయన అన్న కొడుకు జోసెఫ్ ఎఫ్. స్మిత్. ఈయన సంగతీ వినండి. ఏబెల్ దగ్గర సర్టిఫికెట్ ఉందని 1879లో విచారణ జరిగినప్పుడు చెప్పింది ఈయనే. అది చెల్లదని సాక్షాత్తూ స్మిత్తే అప్పట్లో తేల్చేశాడని 1908లో చెప్పిందీ ఈయనే. అప్పటికి ఏబెల్ పోయి పాతికేళ్ళు కావస్తోంది.

సరే, మీరు దిగిపోయారు. రెండు నెలలే గడిచాయి, మిమ్మల్ని దశాబ్దాలుగా సమర్థిస్తూ వచ్చిన పెద్దల్లో ఒకరు, బ్రూస్ మెకాంకీ, మేం ఇదివరకు చెప్పినవన్నీ మరిచిపోండి అనేశారు. 2013లో చర్చి, మీ తరఫున చెప్పిన ఆ కారణాలన్నీ తమవి కావని రాసింది. తప్పయిందన్న మాట మాత్రం అందులో నాకు కనపడలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో, రాజమండ్రిలో, విశాఖలో ఆ చర్చి సభ్యులు ఉన్నారు. వాళ్ళలో మీ పేరు విన్నవాళ్ళు ఎందరో మరి.

జేన్ గారికి అడిగిన క్రతువు 1979లో జరిపించారు. ఆవిడ పోయిన 71 ఏళ్ళకు. ఈసారి కూడా ఆవిడ బదులు వేరే ఒకరు నిలబడ్డారు. ఈసారి తప్పదు కదా.

ఇట్లు,
ఫిజీవాళ్ళ లెక్కలో బతికి బయటపడ్డ ఒక తెలుగు నల్లవాడు