పార్వతి నుదుటి మీద దెబ్బ

వారం రోజులుగా మా కోనసీమ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. బెంగాలీ రచయిత శరత్ నవల్లోని దేవదాసుని 1953 సినిమా అక్షరం పొల్లుపోకుండా దింపేసిందట. దేవదాసు తండ్రి పంతానికి బలైన త్యాగమూర్తట. పార్వతి నోరులేని పిల్లట, కలకత్తా వేశ్య చంద్రముఖి అతనికి తాగుడు మరిగించిందట. ఆ సినిమా అంటే నాకు ప్రాణం, నవలన్నా అంతే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

పార్వతితో పెళ్లికి తండ్రి ఒప్పుకోని మాట నిజమే. పిల్లనిచ్చి డబ్బు పుచ్చుకునే ఇల్లని, పైగా పక్కింటి వియ్యమేమిటని కాదన్నారు. కానీ అర్ధరాత్రి పరువు లెక్కచేయకుండా తన గదికొచ్చి కాళ్లు పట్టుకున్న పార్వతికి, కలకత్తా వెళ్లాక, నిన్ను అంతగా ప్రేమించానని నాకెప్పుడూ అనిపించలేదని ఉత్తరం రాసింది దేవదాసే. ఆ ఉత్తరం తండ్రి దగ్గరుండి రాయించలేదు.

ఇక నోరులేని పార్వతి. మెసేజ్ రాసినవాళ్లు చెరువు రేవు ఘట్టం చదవలేదనే అనుకుంటున్నాను. ఉత్తరం పంపాక మనసు మారి దేవదాసు ఊరికొస్తాడు. బిందె పట్టుకుని నీళ్లకొచ్చిన పార్వతితో, అమ్మానాన్నల్ని ఎలాగో ఒప్పిస్తానంటాడు. నీకేనా తల్లిదండ్రులు, నాకు లేరా, వాళ్ల ఇష్టంతో పనిలేదా అని నిలదీస్తుంది పార్వతి. నీకు రూపం ఉంది గానీ గుణం లేదు, నాకు రెండూ ఉన్నాయని మొహమ్మీదే అనేస్తుంది. చంద్రుడికి మచ్చ ఉన్నట్టు నీకూ ఒకటి పెడతానని దేవదాసు చేతిలోని గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. మొహమంతా రక్తం. తర్వాత తన చొక్కా చింపి కట్టు కడతాడు.

ఇది మా మేనత్తకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సినిమా చూసినప్పుడల్లా ఆడి కోసమే ఏడ్చానురా, ఆ పిల్ల కోసం ఎప్పుడూ ఏడవలేదు" అంది.

చంద్రముఖి మీద వేసిన నింద మరీ అన్యాయం. దేవదాసు మొదటిసారి వెళ్లినప్పుడు ఆమెని అసహ్యించుకుని వచ్చేస్తాడు. ఆ అసహ్యమే ఆమెని మార్చింది. వృత్తి మానేసి పల్లెటూళ్లో కాపురం పెట్టింది. తర్వాత అతన్ని వెతుక్కుంటూ మళ్లీ కలకత్తా వెళ్లి, తాగి రోడ్డు మీద పడున్నవాణ్ణి ఇంటికి తెచ్చి సేవ చేసింది.

మరి సినిమా ఏం చేసింది? అక్కినేని మత్తు కళ్లు, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు కలిసి మనల్ని అతని పక్కన కూర్చోబెట్టాయి. 'జగమే మాయ' మొదలయ్యేసరికి అతను రాసిన ఉత్తరం మనకి గుర్తుండదు. అది గొప్ప పనితనమే, కాదనను. కానీ 1917లో అచ్చయిన ఆ పుస్తకంలో అలా కాపాడే పాట లేదు. తాగుబోతు తాగుబోతుగానే కనిపిస్తాడు.

త్యాగమూర్తి అన్నమాట శరత్ ఎక్కడా అనలేదు. చివరి పేరాలో అతన్ని దురదృష్టవంతుడనీ, నిగ్రహం లేని పాపి అనీ అంటూనే, అలాంటివాడి కోసం కాస్త ప్రార్థించమని మనల్ని అడుగుతాడు. చావు వస్తే రానీ, ఆ క్షణంలో ప్రేమగల చెయ్యి ఒక్కటైనా నుదుటిని తాకాలంటాడు. పార్వతి నుదుటి మీద కొట్టిన దేవదాసుకి, ఆమె అత్తవారింటి గుమ్మం ముందే ప్రాణం పోతున్నా, అది దక్కలేదు.