ఫోల్డర్ తెరుచుకోలేదని తలుపులు పీకేయకండి

విశాఖలో చిన్న ఆఫీసులకి, స్టూడియోలకి నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. ఎక్కడికెళ్లినా ఒకటే వైద్యం కనిపిస్తోంది. మ్యాక్‌లో ఉన్న ఫోల్డర్ విండోస్‌లో తెరుచుకోదు, లినక్స్‌లో ఉన్నది మ్యాక్‌లో రాదు. వచ్చిన కుర్రాడు ముందు ఫైర్‌వాల్ ఆపేస్తాడు. తర్వాత షేరింగ్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేదని పెడతాడు. ఫోల్డర్ మీద ‘ఎవ్రీవన్’కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తాడు. అప్పటికీ రాకపోతే ఎస్ఎంబీ 1 ఆన్ చేస్తాడు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ అనే పద్ధతికి పాతబడిన మొదటి వెర్షన్ అది. ఫోల్డర్ తెరుచుకుంటుంది, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఇది రిపేర్ కాదండీ. తలుపు బిగుసుకుపోయిందని తలుపే పీకేసి పోవడం.

ఆ కుర్రాణ్ని ఒక్కణ్నే అని లాభం లేదు. నా కోపమంతా విండోస్ చూపించే ఆ ఎర్రర్ మీద. ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అంటుంది, చివర్న 80070035 అని ఒక అంకె. ఫైర్‌వాల్ అడ్డుపడినా అదే మెసేజ్, అవతలి పెట్టె పాత వెర్షన్‌దైతే కొన్నిసార్లు అదే, పేరు తప్పు కొట్టినా అదే. ఎందుకు రాలేదో చెప్పకపోతే, పని ఆగిపోయి టెన్షన్‌లో ఉన్న మనిషి ఏది దొరికితే అది ఆపేస్తాడు. ఇన్నేళ్లయినా ఆ మెసేజ్‌ని బాగుచేయకపోవడం క్షమించరానిది.

నిజానికి ఈ మూడు సిస్టమ్‌లూ ఇప్పుడు ఒకే పద్ధతిలో మాట్లాడుకుంటున్నాయి. ఎస్ఎంబీ 1980లలో ఐబీఎంలో పుట్టింది, మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచింది. లినక్స్ వైపు దాన్ని తెచ్చింది సాంబా అనే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ అనే విద్యార్థి 1990ల మొదట్లో వైరు మీద పోయే ప్యాకెట్లను గమనించి, అవతలి మెషీన్ ఏం అడుగుతోందో, దానికి ఏం బదులివ్వాలో తేల్చి మొదలుపెట్టిన పని అది. ఆపిల్ కూడా 2013లో మావెరిక్స్ నుంచి ఫైళ్లు పంచుకునే తన సొంత పద్ధతి ఏఎఫ్‌పీని పక్కనపెట్టి ఎస్ఎంబీనే ముందుకు తెచ్చింది. అంటే ‘విండోస్‌కీ మ్యాక్‌కీ పడదు సార్’ అన్న మాటకి ఇప్పుడు కాలం చెల్లింది.

మరి ఎక్కడ ఆగుతోంది? ద్వారకానగర్‌లో ఒక ఫొటో స్టూడియో సంగతి చెప్తాను. ఎడిటింగ్ మ్యాక్ మీద, ఆల్బమ్ డిజైన్, బిల్లింగ్ విండోస్ మీద, ఫొటోలన్నీ దాచేది మూలనున్న లినక్స్ పెట్టెలో. ఎడిటింగ్ చేసే అమ్మాయి మ్యాక్‌లోంచి విండోస్ ఫోల్డర్ తెరవబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. రోజూ ఆ విండోస్‌ని తెరిచే నాలుగంకెల పిన్ కొట్టింది. రాలేదు. ఎన్నిసార్లు కొట్టినా రాదు. ఆ పిన్ ఆ ఒక్క మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్‌లో చెల్లదు. కావాల్సింది మైక్రోసాఫ్ట్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్, అది ఓనర్‌గారికే గుర్తులేదు. ‘అయితే పాస్‌వర్డే తీసేద్దాం’ అనే ఆలోచన సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

తీసేయనక్కర్లేదు. విండోస్‌లో షేర్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని పెట్టండి, దానికో మంచి పాస్‌వర్డ్ ఇవ్వండి, ఆ ఫోల్డర్ మీద ఆ యూజర్‌కే హక్కులివ్వండి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లోనూ ఇవ్వాలి, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఇవ్వాలి. రెండింట్లో ఎక్కడ తక్కువిస్తే అదే చెల్లుతుంది. లినక్స్ వైపు కూడా ఇలాంటిదే ఒక మెలిక: లాగిన్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. ఎస్ఎంబీపాస్‌డబ్ల్యుడీ కమాండ్‌తో ఆ యూజర్‌ని సాంబాకి విడిగా చేర్చాలి. ఇంతే పని. టీ చల్లారేలోపు అయిపోతుంది.

ఇంకో ఫిర్యాదు, ‘నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ పేరే కనపడట్లేదు’ అని. కనపడకపోవడం వేరు, తెరుచుకోకపోవడం వేరు. పాతకాలం లిస్టు ఎస్ఎంబీ 1ని పట్టుకునే నడిచేది, కొత్త విండోస్‌లలో అది పోయాక లిస్టు కూడా పోయింది. విండోస్ రన్ బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు వేసి ఐపీ అడ్రస్ కొట్టి చూడండి, చాలాసార్లు శుభ్రంగా తెరుచుకుంటుంది. రౌటర్‌లో ఆ ఐపీని ఫిక్స్ చేసి, డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుంటే లిస్టుతో పనే లేదు. పేరు కనపడాలనే పట్టుదల ఉంటే లినక్స్‌లో విండోస్ కోసం డబ్ల్యుఎస్‌డీడీ, మ్యాక్ కోసం అవాహీ అనే చిన్న ప్రోగ్రాములు పెట్టండి. అంతేగాని పేరు చూసుకోవడానికి ఎస్ఎంబీ 1 ఆన్ చేయకండి, దణ్ణం పెడతాను.

2017 మే మరిచిపోయామా? ఫైళ్లను లాక్ చేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ ఆ ఎస్ఎంబీ 1లోని లోపంలోంచే ప్రపంచమంతా పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండానే ఒక మెషీన్‌లోంచి పక్క మెషీన్‌లోకి వెళ్లిపోయింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

అందుకే 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్ పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లను ఆపేసినప్పుడు, అందరూ తిడుతుంటే నేను మైక్రోసాఫ్ట్ పక్షానే నిలబడ్డాను. పాత నాస్‌లు (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టెలు), రౌటర్ వెనక యూఎస్‌బీకి తగిలించిన డిస్కులు ఒక్కసారిగా ఆగిపోయాయి, నిజమే. అయితే నాస్‌లో ఒక యూజర్‌ని పెట్టుకుంటే సరిపోయేదానికి విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో కెలికి గెస్ట్‌ని మళ్లీ తెరిపించుకోవడమేంటి?

‘ఇదంతా ఎందుకు, గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తాం’ అనేవాళ్లూ ఉన్నారు. 60 జీబీ పెళ్లి ఫొటోలు 100 ఎంబీపీఎస్ లైన్ మీద పైకెక్కడానికే గంటకి పైన పడుతుంది, దింపుకోవడానికి మళ్లీ అంత. గిగాబిట్ లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) మీద పక్క టేబుల్‌కి పది నిమిషాలు. పెన్‌డ్రైవ్ అంటారా, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో అసలు ఎక్కదు. పైగా మనది తుపాన్ల ఊరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఫోన్లు, నెట్ లేకుండా గడిపినవాళ్లం. నెట్ తెగినా జనరేటర్ ఉంటే ఆఫీసులో లాన్ నడుస్తుంది.

తెలుగు పేర్లు పెట్టేవాళ్లకి ఒక జాగ్రత్త, ఇది ఎవరూ చెప్పట్లేదు. పాత మ్యాక్ డిస్కుల్లోని హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫార్మాట్ ఐత్వాన్ని రెండు కోడ్‌లుగా విడగొట్టి దాస్తుంది. ఆ డిస్కులోని ‘కైలాసగిరి’ ఫోల్డర్‌ని అలాగే లినక్స్‌లోకి కాపీ చేసి, తర్వాత విండోస్‌లోంచి అదే పేరుతో ఇంకోటి పెడితే, చూపుకి అచ్చం ఒకేలా ఉన్న రెండు ఫోల్డర్లు పక్కపక్కన కూర్చుంటాయి. వెతికితే ఒకటే దొరుకుతుంది. రెండోది పోయిందనుకుని కంగారుపడేవాళ్లున్నారు. కాన్వ్‌ఎమ్‌వీ అనే చిన్న టూల్‌తో లినక్స్‌లో ఆ పేర్లను సరిచేయొచ్చు.

ఓనర్లకి ఒక్క విన్నపం. ఇవాళ మీ విండోస్ మెషీన్లలో ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి ఎస్ఎంబీ 1.0 పక్కన టిక్ ఉందేమో చూడండి. ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత ఏ పెట్టె పలకడం మానేసిందో, ముందు దానికి అప్‌డేట్ ఉందేమో వెతకండి. లేకపోతే కొత్తది కొనండి.