సవరణ: సెఖోన్ నడిపింది మిగ్ కాదు, నాట్

మొన్నటి పోస్టులో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ పైన మిగ్-21 నడుపుతూ అమరుడయ్యారని రాశాను. తప్పు నాదే, సరిచూసుకోలేదు. ఆయన నడిపింది నాట్ అనే చిన్న యుద్ధ విమానం. పరమవీర చక్ర ప్రశంసాపత్రంలోనే ఆ సంగతి ఉంది. ఎయిర్‌ఫీల్డ్ మీద దాడి జరుగుతుండగానే ఆ బుల్లి విమానంతో పైకి లేచి, పాకిస్తాన్ వాళ్ల రెండు సేబర్ యుద్ధ జెట్లతో తలపడ్డారు. మిగ్ అని రాస్తే ఆ తెగువ సగం కూడా తెలియదు.

ఇంకోటి. ఆ పోస్టులోనే ‘పరమవీర చక్ర అందుకున్నది ఈయనొక్కరే’ అని రాసింది వైమానిక దళం వరకే. కొందరు 1971 యుద్ధం మొత్తానికీ అనుకున్నారు. ఆ యుద్ధంలో నలుగురికి వచ్చింది. మిగతా ముగ్గురు ఎక్కా, ఖేతర్‌పాల్, హోషియార్ సింగ్, సైన్యం వాళ్లు. పాత పోస్టు కూడా దిద్దాను.