పది ఎడ్లు, ఒక తువ్వాల

మన దగ్గర రాజకీయ పార్టీలు చావవు, విలీనమవుతాయి. మనిషి పోతే పోయాడంటాం, కిరాణా కొట్టు మూతపడితే మూతపడిందంటాం. పార్టీ దుకాణం కట్టేస్తే మాత్రం పూలదండలు, కొత్త కండువాలు, టీవీ కింద ‘చారిత్రక నిర్ణయం’ అని స్క్రోలింగు. ఉప్పు నీళ్లలో విలీనమైతే నీళ్లకు ఉప్పదనమైనా వస్తుంది. మన పార్టీలు కలిసిన నీళ్లు ఎంత చప్పనివో, కలిశాకా అంతే చప్పన.

ఈ విద్యకు పెద్దబాలశిక్ష లాంటిది ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం పుట్టిన తెలంగాణ ప్రజా సమితి. పుట్టింది 1969 మార్చి, కాంగ్రెస్‌లో కలిసి పోయింది 1971 సెప్టెంబరు. మొత్తం రెండున్నరేళ్లు. ఆంధ్రతో కలిసేటప్పుడు 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు రాసుకున్న రక్షణలు ఏమయ్యాయని, ముల్కీలకు, అంటే స్థానికులకు, దక్కాల్సిన ఉద్యోగాలు ఎవరికి పోతున్నాయని పాల్వంచ థర్మల్ కేంద్రం దగ్గర రాజుకున్న నిప్పు కాలేజీలకు పాకింది. న్యాయవాది మదన్‌మోహన్ లాంటి వాళ్లు సమితి పెట్టారు. అప్పటికి రోడ్డు మీద ఉన్నది పిల్లలే. పెద్దలు ఎండ తగ్గాక వచ్చారనడానికి లేదు, మంచి ఎండల్లోనే, మే నెలలో వచ్చారు. మర్రి చెన్నారెడ్డి పగ్గాలు పట్టారు. ఎన్నికల అక్రమాల కేసులో 1968లో ఎన్నిక రద్దై, కేంద్ర మంత్రి పదవి పోయి, ఆరేళ్లు పోటీకి అనర్హులై ఆయన అప్పుడు కాస్త తీరికగా ఉన్నారు. ఆత్మగౌరవానికి తీరిక చాలా అవసరం.

1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు. దేశమంతా ఇందిరమ్మ గాలి. ఆ గాలికి ఎదురుగా తెలంగాణలోని 14 స్థానాల్లో 10 సమితికి ఇచ్చారు జనం. హైదరాబాదు, సికింద్రాబాదు, వరంగల్, కరీంనగర్, మహబూబ్‌నగర్, నల్గొండ... ఇక మిగిలిందల్లా అంగడికి తోలుకెళ్లడమే.

పశువుల అంగడిలో బేరం ఎలా సాగుతుందో పల్లె తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దళారి తువ్వాల కప్పుతాడు. అమ్మేవాడూ కొనేవాడూ దాని కింద చేతులు దూర్చి, వేళ్లు పట్టుకుని ధర తేలుస్తారు. చుట్టూ జనం నిలబడే ఉంటారు. వాళ్లకు తువ్వాల కదలడం కనిపిస్తుంది, ధర కనిపించదు. మనవాడు, అదే చెన్నారెడ్డి, పది ఎడ్లను తోలుకుని వెళ్లాడు. అవతలి ఆసామి ఇందిరమ్మ కొట్టంలో అప్పటికే 352 ఉన్నాయి. ఢిల్లీ మడి దున్నడానికి 260 చాలు. అంటే తొంభై పైచిలుకు ఎడ్లు ఊరికే నెమరు వేస్తున్నాయి. అలాంటి ఆసామికి ఇంకో పది అమ్మడమంటే గోదారి గట్టున నీళ్లు అమ్మడమే. అయినా ఆసామి కొన్నాడు. దున్నడానికి కాదు, బయట ఉంటే చేలో పడతాయని. నిజానికి 1969 చివర్లో కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిరాగాంధీకి సొంత మెజారిటీ లేదు, ఒక్కో ఎద్దూ బంగారమే. అప్పుడేమో మనవాడి తాడుకు ఒక్క ఎద్దూ లేదు. ఎడ్లు వచ్చేసరికి కొట్టం నిండిపోయింది. ఆర్నెల్లు ఓపిక పట్టి, గడ్డి ఖర్చులు చూసుకుని, పగ్గం అప్పజెప్పేశాడు.

ఇప్పుడైతే పార్టీ ఫిరాయింపులను ఆపడానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు ఉంది, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే విలీనం. పదికి ఏడు ఎడ్లు తల ఊపాలన్నమాట. ఆ చట్టం 1985లో వచ్చింది, సమితికి ఆ శ్రమా లేకపోయింది. అప్పుడైనా ఇప్పుడైనా ఓటేసినవాణ్ని అడగాలని మాత్రం ఏ షెడ్యూలులోనూ లేదు. (2008లో పుట్టిన నవ తెలంగాణ పార్టీ 2009లో ప్రజారాజ్యంలో, ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో. చేపను మింగిన చేపను మింగిన చేప.)

ఇంతకీ తువ్వాల కింద తేలిన ధర? ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు. 1971 సెప్టెంబరు 30న తెలంగాణవాడైన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. పదహారు నెలలు తిరగకముందే, 1973 జనవరిలో, ఆయనా పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడాది చివర్లో పార్లమెంటు ముల్కీ నిబంధనలనే రద్దు చేసింది. ఏ నిబంధనలు అమలు కావాలని పిల్లలు రోడ్డెక్కారో, ఆ నిబంధనలనే. కొన్న ధరా పోయింది, అమ్మిన సరుకూ పోయింది.

దీన్ని ఇప్పటికీ ‘వ్యూహం’ అంటారు, ‘నాటి పరిస్థితులు’ అంటారు. ఏం పరిస్థితులు? పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు ఉద్యమం చెప్పే లెక్కలో 369 మంది. ఆ లెక్క ఎక్కువని వాదించేవాళ్లు తక్కువ లెక్కే చెప్పండి, అందులో ఒక్కణ్ని తీసుకుని ఆ తల్లికి ‘విలీనం’ అంటే ఏమిటో వివరించండి. తువ్వాల కింద ఆ పిల్లవాడు ఎన్నో వేలు? చూపుడు వేలా, చిటికెన వేలా? చదువులు వదిలి, తూటాలకు ఎదురెళ్లింది వాళ్లు. బేరానికి వెళ్లింది వీళ్లు. సిగ్గులేని పని. దానికి ఇంకో పేరు లేదు, పెట్టకండి.

బేరం కుదిర్చిన చేతికి మాత్రం లోటు రాలేదు. అనర్హత గడువు తీరిన 1974లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరు పదవి. 1978 మార్చిలో ముఖ్యమంత్రి కుర్చీ, విడగొట్టాలని కోరిన ఆ ఆంధ్రప్రదేశ్‌కే. అసెంబ్లీ గేటు ఎదుట, రోడ్డు దాటితే గన్‌పార్కు. అందులో ఎక్కా యాదగిరిరావు చెక్కిన అమరుల స్తూపం. ముఖ్యమంత్రి కారు గేటులోకి తిరిగేటప్పుడు అది ఏ వైపు కిటికీలోంచి కనిపించేదో.