డాల్ఫిన్ ముక్కుకి వాసన తెలీదు

ఎమ్మే హిస్టరీ రెండో ఏడాది సెమినార్ పేపర్‌కి నా వాటాకొచ్చిన విషయం విశాఖ రేవు పుట్టుక. ఎంచుకున్నానని చెప్పుకుంటాను గానీ, అందరూ ఏరుకోగా మిగిలింది అదే. "గూగుల్లో కనపడింది తెచ్చి అతికిస్తే ఊరుకోను. లైబ్రరీ డేటాబేసుల్లో వెతకండి. పీర్ రివ్యూ అయిన వ్యాసాలు ఆరైనా ఉండాలి" అన్నారు సారు.

లైబ్రరీలో ఫ్యాను కింద కంప్యూటర్ సంపాదించి కూర్చున్నాను. రేవుకి కాపలా డాల్ఫిన్స్ నోస్ కొండే కదా, అక్కణ్ణుంచే మొదలెడదామని ఆ రెండు మాటలూ కొట్టాను. వేలకి వేలు వచ్చిపడ్డాయి. అన్నీ నిజం డాల్ఫిన్లు, నిజం ముక్కులు! నడినెత్తిన ఉన్న రంధ్రంతో ఊపిరెలా పీలుస్తాయి, ఆ ముక్కు దారుల్లోంచే టిక్కు టిక్కుమని చప్పుళ్లెలా పుట్టిస్తాయి... ఒక వ్యాసంలోనైతే వాటి మెదడులో వాసన పట్టే భాగమే ఉండదని రాసుంది. నాకు భలే ముచ్చటేసింది. మన కొండకెదురుగా ఉన్నది ఫిషింగ్ హార్బరు మరి! దేవుడు అన్నీ ఆలోచించే చేస్తాడు. ఎందుకైనా మంచిదని ఆ వ్యాసం సేవ్ చేసుకున్నాను.

పక్క కుర్చీలో జూనియర్ కుర్రాడు జాలిపడి, "నాట్ అని పెట్టన్నా, అక్కర్లేనివి పోతాయి" అన్నాడు. విశాఖపట్నం నాట్ డాల్ఫిన్ అని కొట్టాను. పోయాయి. డాల్ఫిన్లతో పాటు కొండ కూడా పోయింది, కొండ పేరెత్తిన రేవు వ్యాసాలూ పోయాయి.

పోర్ట్ పక్కన నక్షత్రం గుర్తు పెడితే ఆ మాటకున్న రూపాలన్నీ వస్తాయని ఎక్కడో విన్నాను. పెట్టాను. రేవులొచ్చాయి. వాటి వెనకే పోర్టర్లు, పోర్చుగల్ దేశం, పోర్ట్రెయిట్లు మేళతాళాలతో దిగాయి. ఆ నాలుగక్షరాలతో మొదలయ్యే ప్రతి మాటా దానికి చుట్టమే.

అసలు తికమక వెతికే మాటల మధ్య పెట్టే యాండ్, ఆర్‌ల దగ్గరుంది. టిఫిన్ సెంటర్లో "ఇడ్లీ అండ్ వడ" అంటే ప్లేటు నిండుతుంది. ఇక్కడ యాండ్ అంటే రెండూ కలిసి ఉన్న ప్లేట్లే ఇస్తుంది, ఉత్త ఇడ్లీ ప్లేట్లు వెనక్కి పోతాయి. "ఇడ్లీ ఆర్ దోశ" అంటే హోటల్లో ఏదో ఒకటే వస్తుంది, ఇక్కడ మాత్రం వంటగది మొత్తం నీ బల్ల మీదికొస్తుంది. ఈ లెక్కకి మూలపురుషుడు జార్జ్ బూల్ అనే గణితవేత్త, 1854లో దీని మీద పుస్తకమే రాశాడు. పాపం, ఆయన మన వైపు టిఫిన్ తినుండడు.

"ఏం బాబూ, పొద్దున్నుంచీ డాల్ఫిన్లే చూస్తున్నావు, జువాలజీయా?" వెనక నుంచి లైబ్రేరియన్ మేడమ్.

విషయం చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, కొండ పేరుకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టారు. మాటలు విడిపోకుండా తాడు కట్టినట్టన్నమాట. సబ్జెక్టుల జాబితాలో హిస్టరీ మీద టిక్కు పెట్టారు. తర్వాత నా వంక చూసి, "1933లో తెరిచిన రేవు కదా. తెల్లదొరల కాగితాల్లో విశాఖపట్నం అని వెతికితే ఏం దొరుకుతుంది?" అంటూ విజగపటం అని పాత స్పెల్లింగ్ కొట్టారు. దానికీ, విశాఖపట్నానికీ, వాల్తేరుకీ మధ్య ఆర్ పెట్టి మూడింటినీ ఒకే బ్రాకెట్లో కూర్చోబెట్టి, బయట యాండ్ హార్బర్ అన్నారు. వేలు కాస్తా ఒక్క పేజీకి దిగొచ్చాయి. అన్నీ మన ఊరివే!

ఆ రాత్రి మల్కాపురంలో మావయ్యకి ఈ కథంతా చెప్పాను. పోర్టులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి.

"ఏట్రా అల్లుడూ, దీనికి కంప్యూటరెందుకు? ఇసక కొట్టుకొచ్చి రేవు మూతి పూడిపోతాదని రెండు పాత ఓడలు ముంచీసి, రాళ్లు నింపీసి అడ్డం కట్టీసినారు. రాసుకో."

"అలా రాయకూడదు మావయ్యా, పీర్ రివ్యూ కావాలి. అంటే తోటివాళ్లు చదివి ఒప్పుకోవాలి."

"మా క్యాంటీన్లో నా మాట కాదన్నోడెవడ్రా?"

మర్నాడు మేడమ్ తీసిపెట్టిన వ్యాసాల్లో చూస్తే ఆ రెండు ఓడలూ ఉన్నాయి, రాళ్లతో సహా. మావయ్యకి చెప్పలేదు. చెబితే ఇంట్లో ఉండనివ్వడు.

పేపర్ ఇచ్చేశాను. వారానికి తిరిగొచ్చింది. ఏడో ఫుట్‌నోట్ చుట్టూ ఎర్ర సిరాతో పెద్ద సున్నా, పక్కన "దీనికీ రేవుకీ సంబంధమేమి?" అని ఉంది. తొందరలో సేవ్ చేసినవన్నీ ఎత్తి పడేసినప్పుడు ఆ డాల్ఫిన్ ముక్కు కూడా ఎక్కేసింది.

మావయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"సంబంధం లేదా? మీ సారుని ఓ పాలి పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి తీసుకురారా."